సరిహద్దు దాటాక పోలీసు ఆపితే

(ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాదులో మా కాలనీ సమావేశ మందిరంలో, రవాణా శాఖ విశ్రాంత అధికారి ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డు నుంచి రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు దయచేసి ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన సభల్లో ముందు వరుస ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, అదేమి ఆచారమో మరి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా రవాణా శాఖలో పనిచేశాను. చివరి కొన్నేళ్ళలో నా బల్ల మీదికి రోజూ వచ్చిన కాగితాల్లో ఎక్కువ భాగం విదేశాలకు వెళ్ళేవారి దరఖాస్తులే. ఇదిగో, ఈ చిన్న పుస్తకం చూశారా? ఇది నా సొంత అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, అందరూ ఐడీపీ అంటారు. గడువు ఎప్పుడో తీరిపోయింది. ముందు నుంచి వెనక్కి పంపుతున్నాను, ఒక్కొక్కరే తిరగేసి పక్కవారికి ఇవ్వండి. చివరికి నా దగ్గరికి రావాలి సుమా.

ముందుగా ఒక పోలీసు కథ. కథ అన్నానే గాని జరిగినదే. 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఆ తరువాత వేలాది మంది పోలండ్ వాళ్ళు పని కోసం ఐర్లండ్‌కు వెళ్ళారు, అక్కడి రోడ్ల మీద కార్లు నడిపారు, అందరిలాగే కొందరు తప్పులూ చేశారు. ఐర్లండ్ పోలీసులు ఆపి, లైసెన్సు చూసి, పేరు కంప్యూటరులో ఎక్కించారు. కొంత కాలానికి వాళ్ళ రికార్డుల్లో ఒక ఘనుడు తేలాడు. అతని పేరు ప్రావో యాజ్దీ. యాభైకి పైగా కేసులు, కేసుకొక చిరునామా, ఒక్కసారి కూడా దొరకడు. ఎవరీ మహానుభావుడని 2007లో ఒక అధికారికి అనుమానం వచ్చి విచారిస్తే తేలిందేమిటంటే, పోలిష్ భాషలో ఆ రెండు మాటలకూ అర్థం "డ్రైవింగ్ లైసెన్సు". కార్డు పైన అచ్చువేసిన శీర్షికనే మనిషి పేరుగా రాసుకుంటూ పోయారు. 2009లో, నవ్వించి ఆపైన ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతుల్లో సాహిత్య బహుమతి ఐర్లండ్ పోలీసు శాఖకు ఇచ్చారు.

నవ్వుతున్నారు, నవ్వండి. అయితే ఒక్క ప్రశ్న. మీ పాస్‌పోర్టులో మీ పేరు ఎలా ఉంది? మన ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తరువాత వస్తుంది. కొందరికి ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలింది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో కూర్చుంది. అటువంటివారికి అమెరికా వీసా ఇచ్చేటప్పుడు మొత్తం పేరును ఇంటిపేరు గడిలోకి జరిపి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని మూడక్షరాలు వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. కొందరికి ఆ మూడక్షరాలే అక్కడి డ్రైవింగ్ లైసెన్సులోకి కూడా వచ్చి, పోలీసు ఆపినప్పుడు ఆ పేరుతోనే పిలుస్తాడు. అంటే పోలండ్ వాడికి జరిగినది మనకు జరగదని ఏమీ లేదు, ఇంకో రూపంలో జరుగుతూనే ఉంది. అందుకే పాస్‌పోర్టులో, ఇక్కడి లైసెన్సులో, ఐడీపీలో పేరు ఒకే వరుసలో, ఒకే స్పెల్లింగులో ఉందో లేదో ప్రయాణానికి ముందే చూసుకోండి. నా బల్ల దగ్గర అక్షరం తేడా ఉందని దరఖాస్తు వెనక్కి ఇస్తే చాలామందికి కోపం వచ్చేది. ఈ కోపాన్ని నేను సహించగలను, అక్కడి పోలీసు అనుమానాన్ని మీరు సహించలేరు అని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు ఆ పుస్తకం సంగతి. దాన్ని చాలామంది లైసెన్సు అనుకుంటారు. కాదు. అది మీ లైసెన్సుకు అనువాదం, అంతే. 1949 జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఇచ్చే పత్రం అది, ఏడాది మాత్రమే చెల్లుతుంది, ఇచ్చిన దేశంలో పనికిరాదు, అసలు లైసెన్సు పక్కన లేకపోతే బయట కూడా పనికిరాదు. ఫారం 4ఎ నింపి, వెయ్యి రూపాయలు కట్టి, మీ పరిధిలోని ఆర్టీఏ కార్యాలయంలో తీసుకుంటారు. తీసుకుని ఏం చేస్తారు? "సార్, కొత్తది వచ్చింది కదా" అని పాత కార్డును బీరువాలో పెట్టి విమానం ఎక్కుతారు! ఇది నేను ఊహించి చెప్పడం లేదు. అలా వెళ్ళినవారి తండ్రులు కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, దీన్ని కొరియరులో పంపవచ్చునా అని అడిగిన సందర్భాలు ఒకటి కాదు, రెండు కాదు.

సరే, ఇంతగా ఇతరులకు చెప్పిన నేను ఏం చేశానో కూడా చెప్పాలి కదా.

మా అబ్బాయి మిషిగన్‌లో ఉంటాడు. అక్కడ రెండు నెలలు ఉండి, వాడి కారు నడపడం చేతికి అలవాటైన తరువాత, నయాగరాను కెనడా వైపు నుంచి చూద్దామని డెట్రాయిట్ దగ్గర అంబాసిడర్ వంతెన దాటి విండ్సర్‌లోకి వెళ్ళాం. సరిహద్దు దగ్గర ఏ ఇబ్బందీ లేదు. వీసాలు చూశారు, పళ్ళేమైనా తెచ్చారా అని అడిగారు, పొమ్మన్నారు. అబ్బాయి వెనక సీట్లో నిద్రపోయాడు, నడుపుతున్నది నేను, పక్కన మా ఆవిడ. కాఫీ కోసం పెద్ద రహదారి దిగి ఒక చిన్న ఊరి వైపు తిరిగాం. రోడ్డు పక్కన బోర్డు మీద 60 అని ఉంది. నేను బుద్ధిమంతుణ్ణి, ముల్లు సరిగ్గా 60 మీద పెట్టి నడుపుతున్నాను. వెనక ఎరుపు నీలం దీపాలు వెలిగాయి.

ఇప్పుడు ఆలోచించండి, హైదరాబాదులో పోలీసు చేయెత్తితే మనం ఏం చేస్తాం? బండి పక్కకు పెట్టి, ఆర్సీ, లైసెన్సు చేతిలో పట్టుకుని, దిగి, ఆయన దగ్గరికి నడిచి వెళతాం. అది మన మర్యాద. కూర్చున్నచోటు నుంచి కాగితం చాచితే పొగరు అంటారు. నేనూ అదే చేశాను. కారు ఆపి, తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టాను. మైకులో ఒక అరుపు వినిపించింది. మా అబ్బాయి ఉలిక్కిపడి లేచి, "నాన్నా, దిగొద్దు, లోపలే ఉండండి, చేతులు స్టీరింగు మీద పెట్టండి" అన్నాడు. మా ఆవిడ అప్పటికే కాగితాల కోసం హ్యాండ్‌బ్యాగులో మోచేతి దాకా చేయి పెట్టి వెతుకుతోంది. అమ్మా, నువ్వూ తీసెయ్యి అన్నాడు. ఉత్తర అమెరికాలో ఆపిన కారులోంచి ఎవరైనా దిగి తన వైపు నడిచి వస్తుంటే, పోలీసు దాన్ని మర్యాద అనుకోడు, దాడి కావచ్చునని అనుకుంటాడు. కనబడని చేతిలో ఏముందో అతనికి తెలియదు. మనది వినయం, అతనికి భయం. ఒకే పని, రెండు అర్థాలు.

ఆయన పక్క కిటికీ దగ్గరికి వచ్చి నా ఇంటిపేరుతో నన్ను పిలిచాడు. మా ఇంటిపేరు నాకే కొత్తగా వినిపించింది. ఇక్కడ వేగ పరిమితి ఎంత అని అడిగాడు. అరవై అన్నాను. మీరు ఎంతలో వచ్చారు అని అడిగాడు. అరవై అన్నాను. ఆయన వేలు పెట్టి డయల్ మీద లోపలి వరుసలో ఉన్న చిన్న అంకెలు చూపించాడు. అమెరికా కారులో పెద్ద అంకెలు మైళ్ళవి, చిన్నవి కిలోమీటర్లవి. బోర్డు మీద అరవై కిలోమీటర్లు, నా ముల్లు అరవై మైళ్ళు, అంటే గంటకు 96 కిలోమీటర్లు దాటింది. జీవితమంతా కిలోమీటర్లలో నడిపిన మనిషిని, రెండు నెలల్లో మైళ్ళు అలవాటై, కిలోమీటర్ల దేశంలోకి వచ్చి తప్పు చేశాను! మేం ఉన్న ఆ కెనడా రాష్ట్రం పేరు ఒంటారియో, 2021 నుంచి అక్కడ ఒక నిబంధన ఉంది. పరిమితి 80 కంటే తక్కువ ఉన్న రోడ్డు మీద దానికి 40 కిలోమీటర్లు మించితే దాన్ని వేగం అనరు, స్టంట్ డ్రైవింగ్ అంటారు. కారు 14 రోజులు జప్తు, లైసెన్సు 30 రోజులు నిలుపుదల, అదీ అక్కడికక్కడే, రోడ్డు మీదే. నేను 36 దగ్గర ఆగాను. ఇంకో నాలుగు అయితే నయాగరా చూడడానికి నడిచి వెళ్ళేవాళ్ళం.

ఇన్నేళ్ళు చలానాలు రాసిన చేయి మొదటిసారి చలానా అందుకుంది. ఆయన ఒక్క మాట కఠినంగా అనలేదు. ఇక్కడే కట్టేస్తాను, కార్డు తీసుకుంటారా అని అడగబోయాను, మా అబ్బాయి వెనక నుంచి భుజం నొక్కాడు. అక్కడ డబ్బు పోలీసు చేతికి ఇవ్వజూపడం జరిమానా కట్టడం కాదు, లంచం ఇవ్వజూపడం. దాన్ని తరువాత తీరికగా ఆన్‌లైన్‌లో కట్టాలి, లేదా ఒప్పుకోనని విచారణ కోరాలి. మరొక సంగతి, ఒంటారియోకు మిషిగన్, న్యూయార్క్ రాష్ట్రాలతో ఒప్పందం ఉంది, ఆ రాష్ట్రాల లైసెన్సు ఉన్నవారు ఒంటారియోలో చేసిన తప్పు సొంత రాష్ట్రంలోని రికార్డులోకి వెళుతుంది. మా అబ్బాయి నడిపి ఉంటే అది వాడి ఇన్సూరెన్సు దాకా పాకేది. ఆ మాట వాడు దారి పొడవునా నాకు చెబుతూనే ఉన్నాడు, అది వేరే విషయం.

అమెరికా లోపలి సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. 2011లో అలబామా రాష్ట్రం వలసల మీద చాలా కఠినమైన చట్టం చేసింది. ఆ నవంబరులోనే టస్కలూసాలో పోలీసులు నంబరు ప్లేటు సరిగా లేని ఒక అద్దె కారును ఆపారు. నడుపుతున్నాయన జర్మన్, ఆ దగ్గరే ఉన్న మెర్సిడెస్ కర్మాగారం పని మీద వచ్చిన పెద్ద ఉద్యోగి. ఆయన దగ్గర జర్మనీ గుర్తింపు కార్డు ఒక్కటే ఉంది, పాస్‌పోర్టు, లైసెన్సు బసలో ఉన్నాయి. అరెస్టు చేశారు. సహోద్యోగి ఒకరు పరుగున కాగితాలు తెచ్చి చూపాక వదిలారు. కొన్ని రోజులకే హోండా సంస్థలో పనిచేసే ఒక జపాన్ ఉద్యోగికి తనిఖీ కేంద్రంలో కేసు రాశారు, ఆయన దగ్గర పాస్‌పోర్టూ ఐడీపీ రెండూ ఉన్నా సరే. రెండు కేసులూ తరువాత నిలవలేదు. అయితే ఆ రోజు ఆ స్టేషనులో కూర్చున్న మనిషికి తరువాత కేసు నిలవదన్న సంగతి ఏం ఊరట? పాస్‌పోర్టు పోతుందేమోనని హోటలు గదిలో పెట్టి తిరగడం మన పెద్దవాళ్ళకు బాగా అలవాటు. కారు నడిపేటప్పుడు మాత్రం ఆ అలవాటు పక్కన పెట్టండి.

మెక్సికో గురించి రెండు మాటలే. కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో ఉన్న మన పిల్లలు వారాంతానికి అటు వెళుతుంటారు. అమెరికా ఇన్సూరెన్సు అక్కడి చట్టం దృష్టిలో లేనట్టే, మెక్సికో పాలసీ విడిగా కొనాలి. అది లేకుండా ప్రమాదం చేస్తే, బాధ్యత ఎవరిదో తేలేదాకా డ్రైవరును పోలీసులు తమ దగ్గర ఉంచుకోవచ్చు. సరిహద్దు పట్టీ దాటి లోపలికి పోతే బండికి తాత్కాలిక దిగుమతి పర్మిట్ కావాలి, బాహా ప్రాంతానికి అక్కరలేదు. ఇక మామూలు అడిగే పోలీసు మాట అంటారా, దానికి స్పానిష్‌లో కాటు అనే అర్థం ఉన్న మాట ఉంది, మోర్దీదా. మామూలుకు ముద్దు పేరు పెట్టుకోని దేశం లేదు. అటువంటప్పుడు రసీదు ఇవ్వండి, స్టేషనులో కడతాను అని నెమ్మదిగా చెప్పడమే మేలని అక్కడ తిరిగినవాళ్ళు చెబుతారు.

నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది గల్ఫ్ గురించి. అమెరికా వెళ్ళే అబ్బాయికి అడిగితే చెప్పేవాళ్ళు నలుగురుంటారు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, నిజామాబాదు నుంచి డ్రైవరుగా దుబాయి వెళ్ళే అబ్బాయికి ఎవరు చెబుతారు? ఏజెంటు చెప్పడు. ఇక్కడ బంపరు కొట్టుకుంటే మనం ఏం చేస్తాం? దిగుతాం, అరుచుకుంటాం, గుంపు చేరుతుంది, ఎవరో పెద్దమనిషి ఐదొందలు ఇప్పించి సర్దుతాడు. దుబాయి ఉన్న దేశం ఎమిరేట్స్‌లో ఆ సర్దుబాటు కుదరదు. చిన్న గీత పడినా పోలీసు నివేదిక కావాలి, ఆ కాగితం లేకుండా ఏ గ్యారేజీ కూడా బండిని ముట్టదు. సర్దుకుని వెళ్ళిపోయారనుకోండి, ప్రమాదం చేసి పారిపోయినట్టు అవుతుంది. కోపంలో మధ్యవేలు చూపితే అది మాట తగాదాతో పోదు, నేరం అవుతుంది, జైలూ దేశ బహిష్కారమూ దాకా వెళ్ళవచ్చు.

ఇంకా పెద్దది ప్రాణ నష్టం. ప్రమాదంలో మనిషి పోతే దియా చెల్లించాలి, మనవాళ్ళు బ్లడ్ మనీ అంటారు. ఎమిరేట్స్‌లో అది రెండు లక్షల దిర్హములు. ఇన్సూరెన్సు సరిగ్గా ఉంటే కంపెనీ కడుతుంది. లేకపోతే? ఇప్పుడు సరిహద్దు సంగతి వస్తుంది. దుబాయి బండి హత్తా దగ్గర సరిహద్దు దాటి ఒమాన్‌లోకి వెళ్ళినప్పుడు, ఆ పాలసీ అక్కడ దానంతట అదే వర్తించదు. ఒమాన్‌కు పొడిగింపు ఉన్నట్టు చూపే ఆరెంజ్ కార్డు కావాలి. బండి కంపెనీది అయితే, అద్దెది అయితే, యజమాని రాసిచ్చిన అనుమతి పత్రం కావాలి, ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, చేతిలో ఉండాలి. "అరే, మస్కట్ దాకే కదా, సామాను దించి రా" అని సూపర్‌వైజరు అంటే కాదనలేక బయలుదేరే అబ్బాయి, ఆ ఒక్క కార్డు అడగకపోతే, జరగరానిది జరిగినప్పుడు జీవితమంతా సంపాదించినా తీరని అప్పుతో జైల్లో ఉంటాడు. యజమాని మీద అరవమని నేను చెప్పడం లేదు. ఆరెంజ్ కార్డు ఎక్కడుంది సార్ అని అడగమంటున్నాను, అంతే. మీ ఊళ్ళో, మీ బంధువుల్లో ఎవరైనా అలా వెళుతుంటే ఈ ఒక్క మాట వాళ్ళ చెవిన వేయండి.

మద్యం సంగతి అడగబోతున్నారు, అక్కడ వెనక ఆయన చేయెత్తారు. మన దగ్గర వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా నేరం కాదు. గల్ఫ్‌లో ఆ లెక్క లేదు, ఒక్క చుక్క కూడా కుదరదు. నేపాల్‌లోనూ అంతే.

నేపాల్ అన్నాను కనుక. ఈ మధ్య మనవాళ్ళు సొంత కార్లలో ముక్తినాథ్ దాకా వెళ్ళి వస్తున్నారు. సరిహద్దులోని సునౌలీ దాటేటప్పుడు మనిషిని ఎవరూ ఆపరు, వీసా లేదు, అందుకే చాలామంది బండికీ ఏమీ అక్కరలేదు అనుకుని నేరుగా వెళ్ళిపోతారు. బండికి కావాలి. దాన్ని అక్కడ భన్సార్ అంటారు, ఎన్ని రోజులుంటారో చెప్పి రోజుకింత చొప్పున ముందే కట్టాలి, ఏడాది మొత్తానికి ముప్పై రోజులు మించకూడదు. ఆ చీటీ లేని బండిని లోపల ఏ పోలీసు ఆపినా అది ట్రాఫిక్ తప్పు కాదు, కస్టమ్స్ నేరం, బండి అక్కడే ఉండిపోతుంది. నాలుగు రోజులకు కట్టి ఐదో రోజు కూడా పోఖరాలో ఉన్నవారికీ అదే ఇబ్బంది. మనకిది కొత్త కాదు. 2020 లాక్‌డౌనులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర, ఒకప్పుడు ఒకే రాష్ట్రమైన రోడ్డు మీద, మన బండ్లనే నిలబెట్టారు కదా. గీత ఎక్కడ గీస్తే అక్కడ కాగితం అడిగేవాడు ఉంటాడు.

యూరప్‌లో పోలీసు మనిషి మీకు కనబడకపోవచ్చు. ఇటలీలో పాత ఊళ్ళ నడిబొడ్డున అనుమతి ఉన్న బండ్లు తప్ప ఇతర బండ్లు రాకూడని వీధులుంటాయి, కెమెరా ఫోటో తీస్తుంది. మీరు ఇంటికి వచ్చి, ఫోటోలు అందరికీ చూపించి, మరచిపోయాక చలానా వస్తుంది, ఎందుకంటే విదేశాల్లో ఉండేవారికి దాన్ని పంపడానికి వాళ్ళకు 360 రోజుల గడువుంది. ఈ లోపు కారు అద్దెకిచ్చినవాడు మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు వేరే రుసుము పట్టుకుంటాడు. మనకు ఇక్కడ ఒక రోగం ఉంది, క్షమించాలి, అలవాటు ఉంది. మన తెలంగాణలో పాత చలానాల మీద 2022లో బైకులకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు కదా, అప్పటి నుంచి చలానా వస్తే కట్టడం మాని రాయితీ కోసం ఎదురుచూస్తాం. ఇటలీలో కూడా రాయితీ ఉంది, 30 శాతం, కానీ ఐదు రోజుల్లోగా కట్టినవారికి! ఆలస్యం చేస్తే పెరుగుతుంది గాని తగ్గదు. ఆస్ట్రియాలో అయితే 2024 మార్చి నుంచి మరీ విపరీతమైన వేగానికి కారునే స్వాధీనం చేసుకునే చట్టం వచ్చింది.

చివరిగా, చలానాతో పోకుండా నిజంగా అరెస్టు దాకా వెళితే. 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందంలో 36వ అధికరణం అని ఒకటి ఉంది. విదేశీయుణ్ణి నిర్బంధించినప్పుడు, నీ దేశపు రాయబార కార్యాలయానికి కబురు చేయించుకునే హక్కు నీకుందని ఆలస్యం లేకుండా అతనికి చెప్పాలి. అతను కోరితే కబురు చేయాలి. పాకిస్తాన్ నిర్బంధించిన మన దేశస్థుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో, 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో మన దేశం పాకిస్తాన్ మీద గెలిచింది ఈ అధికరణం మీదే. అయితే కాన్సులేటు మీ జరిమానా కట్టదు, మిమ్మల్ని విడిపించలేదు, లాయర్ల జాబితా ఇస్తుంది, ఇంటికి కబురు చేస్తుంది, మీ దగ్గరికి ఒక మనిషిని పంపుతుంది. భాష రాని చోట ఆ మనిషి రావడం ఎంత పెద్ద సంగతో, అక్కడ ఉన్నవారికే తెలుస్తుంది. ఒక కాగితం మీద ఆ ఫోన్ నంబరు రాసి లైసెన్సుతోపాటు పెట్టుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఫోన్ మీ చేతిలో ఉండనిస్తారని నమ్మకం లేదు.

టీ వచ్చినట్టుంది, వాసన వస్తోంది. ప్రశ్నలు టీ దగ్గర మాట్లాడుకుందాం. నా పుస్తకం ఏ వరుసలో ఆగింది? మూడో వరుసలోనా? అమ్మా, ఇటు ఇప్పించండి. అందులో ఆ ఒంటారియో చలానా రసీదు మడిచి పెట్టి ఉంటుంది, అది కూడా జాగ్రత్తగా ఇవ్వండి.